పాళ్ల పట్టిక పుట్టిన కథ

మార్చి నెలాఖరు. గోదావరి జిల్లాల్లో ఒక చిన్న పచ్చళ్ల యూనిట్. ఆఫీసు గదిలో కూర్చుని కంప్యూటర్లో స్టాక్ రిపోర్టు తీశాను. మామిడికాయలు ఇంకా 4 టన్నులు గోడౌన్‌లో ఉన్నాయంది. కిందటి మే నెలలో కొన్న కాయలవి. ఎండుమిర్చి, ఆవాలు, నువ్వుల నూనె కూడా కొన్నవి కొన్నట్టే ఉన్నాయి. ఆవకాయ దగ్గరికి వచ్చేసరికి మైనస్. అమ్మిన ప్రతి సీసా మైనస్‌లో పడి ఉంది. ఆ కంప్యూటర్ లెక్కన ఏడాదంతా అక్కడ ఎవరూ పచ్చడే పెట్టలేదు. కాయలు కొన్నారు, ఆవకాయ అమ్మారు. నడుమ కాయలు తుడవడం, ముక్కలు కొట్టడం, కారం కలపడం, నూనె పోయడం ఏవీ ఖాతాల్లోకి రాలేదు.

ఆ నడిమి పనిని ఖాతాల్లోకి తెచ్చే పట్టికకే బిల్ ఆఫ్ మెటీరియల్స్ అని పేరు. ఫ్యాక్టరీల్లో బీఓఎం అంటారు. తినుబండారాల యూనిట్లలో ఫార్ములా అంటారు. మన వంటిళ్లలో దానికి ఎప్పటి నుంచో ఉన్న మాట పాళ్లు. ఒక వస్తువు తయారు కావాలంటే ఏమేం కావాలి, ఒక్కొక్కటి ఎంతెంత కావాలి? అడగడానికి ఇది చిన్న ప్రశ్నే. దీని జవాబును యంత్రానికి అప్పజెప్పడానికి మాత్రం చాలామంది చాలా ఏళ్లు కష్టపడ్డారు. ఆ కష్టంలో చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన పని కూడా కలిసి ఉంది.

ఆ రోజు నేను కాగితం, పెన్ను పట్టుకుని కింద షెడ్డులోకి వెళ్లాను. ఇరవై ఏళ్లుగా అక్కడ పచ్చళ్లు కలిపిస్తున్న పెద్దావిడ ఉన్నారు. "అక్కా, వంద కిలోల ముక్కకి కారం ఎంత పడుతుంది?" అని అడిగాను.

"ఏ కాయ బాబూ? కొత్తపల్లి కొబ్బరా, చిన్నరసమా? కాయ పులుపును బట్టి ఉంటుంది. అయినా నేను కిలోల్లో చెప్పలేను, కుంచంతో కొలుస్తాను" అన్నారామె.

అప్పుడు కాటా తెప్పించాం. ఆమె కుంచంతో కొలిచి పోస్తుంటే నేను తూచి రాసుకున్నాను. ఆ యూనిట్ లెక్క ఇలా తేలింది: తొడిమలు, జీడి, పాడైన కాయలు పోగా 115 కిలోల కాయకు 100 కిలోల ముక్క. దానికి కారం 20 కిలోలు, ఆవపిండి 20, ఉప్పు 20, నువ్వుల నూనె 30. మెంతులు, పసుపు కొద్దిపాటివి కాబట్టి వాటిని విడిగా రాసుకున్నాం. మొత్తం 190 కిలోల ఆవకాయ. అరకిలో సీసాలు 380, మూతలు 380, లేబుళ్లు 380, ఇరవై సీసాలు పట్టే అట్టపెట్టెలు 19. ఇన్నేళ్లుగా ఆమె చేతిలో, ఆమె జ్ఞాపకంలో ఉన్న విద్య మొదటిసారి కాగితం మీదికి వచ్చింది.

ఈ పని మొదట ఎవరు చేశారో చెప్పలేం కానీ, మన దేశంలో దీని పాత ఆనవాలు ఒకటి ఉంది. మైసూరు ప్రాచ్య గ్రంథాలయంలో ఆర్. శామశాస్త్రి 1905లో గుర్తించి, 1909లో అచ్చు వేయించిన కౌటిల్యుడి అర్థశాస్త్రంలో, కోష్ఠాగారం చూసే అధికారి గురించి ఒక అధ్యాయం ఉంది. ఏ గింజల్లో ఎంత నూనె దిగాలో అక్కడ లెక్క కట్టి రాశారు. నువ్వులకు నాలుగో వంతు, వేపగింజలకు ఐదో వంతు, అవిసెలకు ఆరో వంతు. ధాన్యం దంచితే ఎంత దిగుతుంది, వండితే ఎంత పెరుగుతుంది అన్న లెక్కలు కూడా ఉన్నాయి. గానుగవాడికి రాజుగారి గోదాం నుంచి నువ్వులు ఇచ్చిన అధికారికి, తిరిగి ఎంత నూనె రావాలో ముందే తెలిసి ఉండాలి. బీఓఎం అసలు ప్రయోజనం అక్కడే కనిపిస్తుంది: ఇంత వెళ్తే ఇంత రావాలి.

వ్యాపారుల ఖాతా పుస్తకాలు మాత్రం వేరే దారిలో పెరిగాయి. 1494లో వెనిస్‌లో లూకా పాచియోలి అచ్చు వేయించిన గణిత గ్రంథంలో జమా ఖర్చుల జంట పద్ధతి వివరంగా ఉంది. ఈనాటి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అంతా ఆ పునాది మీదే నిలబడింది. అది వర్తకుడి పద్ధతి. ఉన్ని కొన్నవాడు ఉన్నే అమ్ముతాడు, మిరియాలు కొన్నవాడు మిరియాలే అమ్ముతాడు. కొన్న సరుకు మాయమై ఇంకో సరుకుగా అవతరించడం ఆ లెక్కలో ఇమడదు. మార్చి నెలాఖరున నాకు ఎదురైన మైనస్ ఆవకాయకు మూలం ఇదే. వర్తకుడి పుస్తకంతో తయారీదారు లెక్క నడపబోయాం.

ఈ చిక్కును గట్టిగా ఎదుర్కొన్నవాళ్లలో ఇంగ్లండు కుమ్మరి జోసయ్యా వెడ్జ్‌వుడ్ ఒకరు. స్టాఫర్డ్‌షైర్‌లో ఆయన చేయించిన పింగాణీ పాత్రలు రాజుల ఇళ్లకు వెళ్లేవి. 1772లో అప్పులు పుట్టక వ్యాపారాలు కుదేలైన సమయంలో, అమ్మకాలు బాగున్నా చేతిలో డబ్బెందుకు లేదని ఆయన ఆలోచనలో పడ్డాడు. ఒక్కో పాత్రకు మట్టి ఎంత, కూలి ఎంత, బట్టీలో కాల్చడానికి ఎంత, అచ్చులకు ఎంత అని విడివిడిగా లెక్క వేశాడు. ఎంత సరుకు చేసినా మారని ఖర్చులు కొన్ని ఉన్నాయని అప్పుడే గ్రహించాడు. ఆ లెక్కలు తవ్వుతుండగానే తన పెద్ద గుమాస్తా డబ్బు కాజేస్తున్నాడని కూడా బయటపడింది. పాళ్ల లెక్క దొంగను పట్టిస్తుంది. తప్పు పాళ్ల లెక్క ఏం చేస్తుందో తర్వాత చెబుతాను.

వెడ్జ్‌వుడ్ చేసింది తన కోసం, తన చేత్తో. ఫ్యాక్టరీ లెక్కను అసలు ఖాతాలతో ముడిపెట్టే పద్ధతిని పుస్తకంగా అందించింది లండన్‌లో ఒక విద్యుత్ ఇంజనీరు, ఒక అకౌంటెంటు. ఎమీల్ గార్కీ, జాన్ ఫెల్స్ కలిసి రాసిన 'ఫ్యాక్టరీ అకౌంట్స్' 1887లో వచ్చింది. స్టోర్స్ నుంచి ఎంత సరుకు బయటికి వెళ్లింది, దానితో ఏం తయారై లోపలికి వచ్చింది అన్నది చీటీల మీద రాసి, ఆ చీటీలను ఖాతాల్లోకి ఎక్కించే ఏర్పాటు అది. ఇండెంట్ చీటీ లేకుండా స్టోర్స్‌లోంచి బోల్టు కూడా కదలకూడదని ఈనాటి స్టోర్‌కీపర్ పట్టుబడుతున్నాడంటే, ఆ పట్టుదల వెనక ఆ తరం ఆలోచన ఉంది.

మట్టి పాత్రకైనా ఆవకాయకైనా పాళ్ల పట్టిక పొట్టిదే. కార్లు, ట్రాక్టర్లు వచ్చాక కథ మారింది. ఫోర్డ్ కంపెనీ మోడల్ టీ కారు 1908లో వచ్చింది. 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైన్ మొదలైంది. లైన్ కదులుతుంటే ఒక్క భాగం లేకపోయినా అంతా ఆగిపోతుంది. అదే 1913లో ఫోర్డ్ హారిస్ అనే ఇంజనీరు ఒకేసారి ఎన్ని భాగాలు చేయించుకుంటే చవక అన్నదానికి ఒక సూత్రం ప్రకటించాడు. కారు కంపెనీకీ ఆయనకూ సంబంధం లేదు, పేరు మాత్రమే కలిసింది. అప్పటి నుంచి అర్ధ శతాబ్దం పాటు ఫ్యాక్టరీల్లో నడిచిన పద్ధతి ఒక్కటే. ప్రతి భాగానికి ఒక కార్డు ఉంటుంది. నిల్వ ఫలానా అంకె కంటే తగ్గితే మళ్లీ ఆర్డరు పెడతారు.

ఇందులో లోపం ఏమిటో మన యూనిట్‌తోనే చూద్దాం. సీసా మూతలు ఈ నెల ఎన్ని కావాలి? కిందటి నెల ఎన్ని వాడాం అని కార్డు చూసి చెప్పడం పాత పద్ధతి. ఈ నెల ఎన్ని సీసాల ఆర్డరు ఉందో చూసి చెప్పడం సరైన పద్ధతి. మూతను ఎవరూ మూతగా కొనరు, ఆవకాయతో పాటే వెళ్తుంది. కాబట్టి మూతల లెక్కను ఊహించే పనే లేదు, ఆవకాయ ఆర్డరు నుంచి గుణించుకోవచ్చు. ఇంత తేటగా ఉన్న సంగతిని ఫ్యాక్టరీలు ఎందుకు అమలు చేయలేదు? చేతితో గుణించడం అయ్యే పని కాదు కనుక. ట్రాక్టరులో ఇంజను, ఇంజనులో పంపు, పంపులో కవాటం, కవాటానికి నాలుగు బోల్టులు. అదే బోల్టు గేరుబాక్సులోనూ ఉంటుంది, సీటు కిందా ఉంటుంది. మోడళ్లు పదిహేను. ఒక వారం ఆర్డర్లకు ఆ బోల్టులు ఎన్ని కావాలో గుమాస్తాలు లెక్క తేల్చేలోగా ఆ వారం గడిచిపోయేది.

ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చే మలుపు ఇక్కడే ఉంది. ట్రాక్టరుకు ఒక పెద్ద జాబితా రాస్తే, బోల్టు మారినప్పుడల్లా అది ఉన్న జాబితాలన్నీ దిద్దాలి. దానికి బదులు, ప్రతి వస్తువు దగ్గరా దాని కింది మెట్టు ఒక్కటే రాస్తే? ట్రాక్టరు దగ్గర 'ఇంజను 1' అని రాస్తే చాలు. ఇంజనులో ఏముందో ఇంజను దగ్గర రాసి ఉంటుంది. మన వంశవృక్షాల లెక్కే ఇది. ప్రతి ఇంట్లో ఎవరి పిల్లల పేర్లు వాళ్లు రాసిపెట్టుకుంటే చాలు. ఆ కాగితాలన్నీ ఒకచోట చేరితే ఏడు తరాలూ చదువుకోవచ్చు. కిందికి చదివితే ఎవరి సంతానం ఎవరో తెలుస్తుంది, పైకి చదివితే ఎవరు ఎవరి బిడ్డో తెలుస్తుంది. బీఓఎంలోనూ అంతే. కిందికి నడిస్తే ట్రాక్టరుకు ఏమేం కావాలో వస్తుంది. పైకి నడిస్తే ఈ బోల్టు ఎక్కడెక్కడ వాడుతున్నామో వస్తుంది.

ఈ అల్లికకు గణిత రూపం ఇచ్చినవాళ్లలో హంగరీలో పుట్టి అమెరికా వెళ్లిన ఆండ్రూ వాజొన్యీ ముఖ్యుడు. 1950లలో ఆయన ఏ భాగం ఏ భాగంలోకి వెళ్తుందో చూపే బొమ్మ గీసి, దాన్ని అంకెల పట్టికగా మార్చి, మొత్తం అవసరాన్ని ఒకే గణితక్రియతో తేల్చవచ్చని చూపించాడు. ఆ బొమ్మను కనిపెట్టింది జెపార్ట్‌జట్ గొజింటో అనే సుప్రసిద్ధ ఇటలీ గణితవేత్త అని చెప్పేవాడు. అలాంటి మనిషి లేడు. 'ద పార్ట్ దట్ గోస్ ఇంటూ' అన్న ఇంగ్లిషు మాటల్ని గబగబా పలికితే వచ్చే పేరది. అర్థం 'లోపలికి వెళ్లే భాగం'. పేరు అలాగే నిలిచిపోయింది. జర్మనీలో నేటికీ విద్యార్థులు దాన్ని గొజింటో గ్రాఫ్ అనే చదువుకుంటున్నారు.

గణితం సిద్ధంగా ఉన్నా యంత్రం కావాలి. అప్పటి కంప్యూటర్లు సమాచారాన్ని టేపుల మీద దాచేవి. టేపు మీద ఒక భాగం నుంచి దాని పిల్ల భాగానికి వెళ్లాలంటే చుట్టంతా తిప్పాల్సిందే. వంశవృక్షంలో ఒక్క పేరు కోసం పుస్తకమంతా మొదటి నుంచి చదవడం లాంటిది. 1956లో ఐబీఎం సంస్థ రామాక్ అనే యంత్రాన్ని తెచ్చింది. అందులో 24 అంగుళాల పళ్లేలు 50 ఒకదాని మీద ఒకటి తిరుగుతుండేవి. అంత పెద్ద యంత్రంలో పట్టేది 50 లక్షల అక్షరాలు. అయినా అది చేసిన మేలు పెద్దది. కావలసిన చోటికి నేరుగా వెళ్లి చదవగలదు. బీఓఎం లెక్కకు కావలసింది సరిగ్గా అదే.

ఆ తర్వాత ఐబీఎం వాళ్లే బిల్ ఆఫ్ మెటీరియల్ ప్రాసెసర్ అనే ప్రోగ్రాం తయారు చేశారు. ప్రతి భాగానికి ఒక రికార్డు. 'దీంట్లో ఇది ఇన్ని' అని చెప్పే లంకెకు వేరే రికార్డు. ఆ లంకెలో తర్వాతి లంకె డిస్కు మీద ఎక్కడుందో చిరునామా. చెయ్యి పట్టుకుని నడిచినట్టు ఒక చిరునామా నుంచి ఇంకో చిరునామాకు యంత్రం నడిచిపోతుంది. అంకె వస్తువు మీద కాక లంకె మీద ఉండాలన్నది ఇక్కడి కీలకం. బోల్టుకు తనంతట తనకు 4 అన్న సంఖ్య ఏదీ లేదు, కవాటంలో 4, సీటు కింద 6.

దీన్ని ఫ్యాక్టరీల జీవన విధానంగా మార్చినవాడు జోసెఫ్ ఆర్లికీ. చెకొస్లొవేకియాలో పుట్టాడు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం రసీన్‌లోని జె.ఐ. కేస్ ట్రాక్టర్ల కంపెనీలో పనిచేసి, ఆ తర్వాత ఐబీఎంలో చేరాడు. బయటివాళ్లు అడిగే సరుకు వేరు, ఆ సరుకు కోసం మనకు కావలసిన సరుకు వేరు అని విడదీసి చెప్పింది ఆయనే. మొదటిదాన్ని అంచనా వేయాలి, రెండోదాన్ని గుణించాలి. మెటీరియల్ రిక్వైర్‌మెంట్స్ ప్లానింగ్ అనే పద్ధతికి ప్రాణం ఈ ఒక్క ముక్క. 1964లో బ్లాక్ అండ్ డెకర్ కంపెనీ దాన్ని మొదట అమలు చేసింది. 1975లో ఆర్లికీ పుస్తకం వచ్చేనాటికి 700 కంపెనీలు ఆ దారి పట్టాయి. 1981 నాటికి అవి 8,000 దాకా పెరిగాయి.

ఇక చంద్రుడి సంగతి. అపోలో నౌకను కట్టే కాంట్రాక్టు నార్త్ అమెరికన్ కంపెనీకి దక్కింది. భాగాలు లక్షల్లో ఉన్నాయి, మార్పులు రోజూ వస్తున్నాయి. ఏ మార్పు ఏ భాగం మీద పడిందో కాగితాల మీద పట్టుకోవడం అసాధ్యమైంది. 1966లో ఐబీఎం, నార్త్ అమెరికన్, క్యాటర్‌పిల్లర్ సంస్థల ఇంజనీర్లు కలిసి కూర్చున్నారు. మట్టి తవ్వే యంత్రాలు చేసే క్యాటర్‌పిల్లర్‌కూ, చంద్రనౌక చేసే కంపెనీకీ ఉన్న బాధ ఒక్కటే, బీఓఎం. ఐబీఎం తరఫున ఆ వ్యవస్థకు వెన్నెముకగా నిలిచినవాడు వెర్న్ వాట్స్. 1968 ఆగస్టు 14న కాలిఫోర్నియాలోని డౌనీ పట్టణంలో ఒక టెర్మినల్ మీద 'రెడీ' అన్న మాట వచ్చింది. ఆ మరుసటి జులైలో మనిషి చంద్రుడి మీద కాలు పెట్టాడు. ఆ వ్యవస్థే తర్వాత ఐఎంఎస్ అన్న పేరుతో బ్యాంకుల్లోకీ బీమా కంపెనీల్లోకీ వెళ్లింది, ఇప్పటికీ పనిచేస్తోంది. డబ్బు లెక్కలు నడిపే పెద్ద డేటాబేసుల్లో ఒకటి పుట్టింది భాగాల పట్టిక కోసం! అకౌంట్స్ పనిలో ఉన్నవాడిగా ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

1970లో ఎడ్గర్ కాడ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త సమాచారాన్నంతా మామూలు పట్టికల్లో పెట్టవచ్చని ప్రతిపాదించిన వ్యాసంలోనూ, భాగంలో భాగం ఎన్ని అని చూపే పట్టిక ఒక ఉదాహరణగా ఉంది. ఆ పట్టికను మెట్టు మెట్టుగా అడుగు దాకా చదివే సదుపాయం, అలాంటి పట్టికల నుంచి సమాచారం అడిగే భాష అయిన ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోకి 1999లో గానీ రాలేదు. అంత మొండి సమస్య ఇది.

ఇదంతా పెద్ద కంపెనీల కథ. మన ఊళ్లలో చిన్న మిల్లుకు, పచ్చళ్ల యూనిట్‌కు ఇది అందింది అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ద్వారా. బెంగళూరులో శ్యామ్ సుందర్ గోయెంకా ఫ్యాక్టరీలకు, బట్టల మిల్లులకు ముడిసరుకులు, యంత్ర భాగాలు సరఫరా చేసేవారు. తన లెక్కలకు తగిన సాఫ్ట్‌వేర్ దొరక్క, గణితం చదివిన కొడుకు భరత్‌ను తయారు చేయమన్నారు. 1986లో అలా మొదలైంది తర్వాతి కాలపు ట్యాలీ. ఈ రోజు తెలుగునాట ఏ జిల్లా కేంద్రానికి వెళ్లినా ట్యాలీ నేర్పే బోర్డు కనిపిస్తుంది. భరత్ గోయెంకాకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

అందులో బీఓఎం పెట్టడం ఎలాగో దగ్గరగా చూద్దాం. ఆవకాయ అనే స్టాక్ ఐటం తెరిచి, దీనికి భాగాలు ఉన్నాయని చెప్పాలి. అప్పుడు ఎంత సరుకుకు ఈ పాళ్లు అని అడుగుతుంది. చాలామంది ఇక్కడ 1 కిలో అని రాసి, కారం 0.105, నూనె 0.158 అంటూ చుక్కల అంకెల్లో చిక్కుకుంటారు. షెడ్డులో కలిపేది 190 కిలోల బ్యాచ్ అయితే 190 అనే రాయాలి. తర్వాత ఏ రోజైనా 380 కిలోలు కలిపామని ఎక్కిస్తే అన్నిటినీ అదే రెట్టింపు చేసుకుంటుంది. ముక్కలకు ఒక బీఓఎం, కలిపిన ఆవకాయకు ఒకటి, సీసాల్లో నింపిన సరుకుకు ఇంకొకటి. మెట్టుకు ఒకటి చొప్పున ఉంటే, రేపు సీసా సైజు మారినా పాళ్లు కదలవు. కొత్తపల్లి కొబ్బరికీ చిన్నరసానికీ వేరు పాళ్లుంటే రెండు పేర్లతో రెండు పట్టికలు పెట్టుకోవచ్చు. ఆ అక్క మొదటే అడిగిన ప్రశ్నకు సాఫ్ట్‌వేర్‌లో చోటుంది.

తయారైన రోజున మాన్యుఫ్యాక్చరింగ్ జర్నల్ అనే వోచర్ వేస్తాం. ఒక పక్క ముడిసరుకు తగ్గుతుంది, ఇంకో పక్క తయారైన సరుకు పెరుగుతుంది. కూలి, కరెంటు కలిపితే ఆ ఖర్చు కూడా సరుకు ధరలో చేరుతుంది. ఇక్కడ లాభం ఏమీ పుట్టదు, విలువ ఒక రూపం నుంచి ఇంకో రూపంలోకి మారుతుంది అంతే. పాచియోలి పుస్తకంలో లేని పేజీ అది.

రైస్‌మిల్లులో ఇదే పట్టిక తలకిందులుగా నిలబడుతుంది. అక్కడ చాలా సరుకులు కలిసి ఒకటి కావడం ఉండదు, ఒక ధాన్యం విడిపోయి బియ్యం, నూకలు, తవుడు, ఊక అవుతుంది. ప్రభుత్వ ధాన్యం ఆడించి ఇచ్చే మిల్లర్లకు క్వింటాలుకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు ఇవ్వాలన్నది లెక్క. తవుడు నూనె మిల్లుకు వెళ్తుంది, ఊక బాయిలర్లోకి వెళ్తుంది. వాటికీ విలువుంది. ఆ విలువను బియ్యం ఖర్చులోంచి తగ్గించాలి. బీఓఎంలో తవుడును ఉప ఉత్పత్తిగా చూపించని మిల్లులో బియ్యం ధర ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది, తవుడు అమ్మిన డబ్బు ఆకాశం నుంచి ఊడిపడినట్టు కనిపిస్తుంది.

చట్టం కూడా ఈ లెక్క అడుగుతుంది. జీఎస్టీ నిబంధనల్లో 56వది, తయారీదారు నెలనెలా ఎంత ముడిసరుకు వాడాడు, ఎంత తయారు చేశాడు, తరుగు ఎంత, ఉప ఉత్పత్తి ఎంత అన్నది రాసి ఉంచాలంటుంది. చాలా యూనిట్లలో ఆ లెక్క మార్చిలో ఒక్కరోజు కూర్చుని వెనక్కి రాస్తారు. అది లెక్క కాదు.

తప్పు పాళ్ల గురించి చెబుతానన్నాను. ఆ పచ్చళ్ల యూనిట్‌లో బీఓఎం పెట్టిన తొలి సీజన్. 40 బ్యాచ్‌లు కలిపాక స్టాక్ సరిచూస్తే నువ్వుల నూనె పుస్తకంలో ఉన్నదానికంటే 104 లీటర్లు తక్కువ తేలింది. దాదాపు ఏడు డబ్బాలు. యజమాని స్టోర్స్ చూసే కుర్రాడిని పిలిచి, "నూనె ఎటు పోతోందయ్యా?" అన్నారు. "తీసింది తీసినట్టే రాశానండీ, ఒక్క చుక్క ఎక్కువ తియ్యలేదు" అన్నాడతను. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతు వణికింది. గదిలో ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

మర్నాడు పొద్దున ఒక 15 లీటర్ల డబ్బా తెప్పించి, ఖాళీ డబ్బా బరువు తీసేసి, కాటా మీద పెట్టాం. 13 కిలోల 800 గ్రాములు వచ్చింది. నాకు విషయం అర్థమైంది. నూనె నీళ్ల కంటే తేలిక, లీటరు 920 గ్రాములే ఉంటుంది. అక్క దగ్గర కాటాతో తూచి రాసుకున్న 30 కిలోలను, లీటర్లలో కొన్న నూనె ఐటంలో 30 అని నేనే ఎక్కించాను. కంప్యూటర్ దాన్ని 30 లీటర్లు అనుకుంది. 30 కిలోలంటే 32.6 లీటర్లు. బ్యాచ్‌కు 2.6 లీటర్లు, 40 బ్యాచ్‌లకు 104. ఒక్క చుక్క కూడా పోలేదు.

అందరి ముందూ ఆ కుర్రాడికి క్షమాపణ చెప్పాను. వెడ్జ్‌వుడ్ పట్టిక దొంగను పట్టించింది, నా పట్టిక నిజాయితీపరుణ్ని దొంగను చేయబోయింది. ఆ రోజు నుంచి ఏ యూనిట్‌కు వెళ్లినా మొదట నూనె డబ్బా, ఉప్పు బస్తా, కారం సంచీ మూడూ తూచి, కొనే కొలత ఏమిటో, వాడే కొలత ఏమిటో పక్కపక్కన రాసుకుంటున్నాను.

బీఓఎం పెట్టబోతున్న యజమానులకు, అకౌంటెంట్లకు నా మనవి ఇది. సాఫ్ట్‌వేర్ తెరవడానికి ముందు ఒక రోజు కేటాయించి, ఒక బ్యాచ్ మొదలైనప్పటి నుంచి సీసాకు మూత పెట్టేదాకా కాటా పక్కనే నిలబడండి. పని చేసేవాళ్లను అడిగి రాయండి, రాసింది వాళ్లకు చదివి వినిపించండి. మూడు నెలలకొకసారి మళ్లీ తూచండి. పుస్తకానికీ గోడౌన్‌కీ తేడా వస్తే, మనిషిని పిలిచే ముందు పట్టిక తీసి చూడండి.